చల్లనీళ్ళతోనే కడగాలి

"నిప్పంటించారా ఏమే నీ తలకి?"

యుదెల్కా తలగుడ్డ విప్పగానే ఎనేరియా నోట వచ్చిన మొదటి మాట అది. చేతిలో కాఫీ కప్పుతో వంటింటి గుమ్మంలోనే ఆగిపోయి అక్క కూతురి తలకేసి చూసింది. నిగనిగలాడే నల్లటి ఉంగరాల జుట్టు ఎండుగడ్డి రంగుకు తిరిగి, పట్టుకుంటే పుటుక్కున తెగిపోతోంది.

"రంగు వేస్తే బాగుంటుందనుకున్నా పిన్నీ. మందు ఎక్కువసేపు ఉండిపోయింది."

"ఏ మహాతల్లి చేసిందే ఈ ఘనకార్యం?"

"రాజధానిలో ఎవర్తో. నీకు తెలీదులే."

"దాని చేతులు పడిపోను!"

"అంత మాట అనకు పిన్నీ, పాపం!" అంది యుదెల్కా గబుక్కున. "ఆదివారం అక్కడే తమ్ముడి పెళ్ళి. ఈ తలతో చర్చిలో ఎలా నిలబడను? నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

"నేనా? కొట్టు మూసేశాగా. సాయంత్రం లాటరీవాడు తాళం కోసం వస్తాడు. ఆ గదిలో టికెట్లు అమ్ముకుంటాడట."

ఆ గదంటే ఇంటి ముందుగది, ఎనేరియా జుట్టు పనులు చేసిన కొట్టు. ఒకోవా ఊళ్ళో ఆడవాళ్ళ శనివారాలన్నీ ఒకప్పుడు అక్కడే గడిచేవి. తలనిండా జుట్టు చుట్టే రోలర్లు పెట్టుకుని, చేతిలో కాఫీతో, వాళ్ళు వీధిదాకా కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. రేడియోలో పాత ప్రేమపాటలు, లోపల నవ్వులు. తల్లి పోయాక యుదెల్కా పెరిగింది ఆ నవ్వుల మధ్యే. తర్వాత పెద్దరోడ్డు మీద ఏసీ సెలూన్ వచ్చింది. ఒక్కొక్కరే అటు జారుకున్నారు. చివరికి మిగిలిన ఒక్కావిడ కూడా "నీ తలమందు సలాడ్ వాసనొస్తోంది" అని నవ్విన రోజున ఎనేరియా తలుపు మూసేసింది. అప్పటినుంచి ఇంకొకరి తల ముట్టుకోలేదు. సరిగ్గా వండుకోవడమూ లేదు, పొరుగింటికి వెళ్ళడమూ లేదు. ఆ గది కూడా పోతే తనకిక మిగిలేదేమిటో ఆమెకే తెలియదు.

"గది సంగతి తర్వాత, ముందు నా తల చూడు" అని యుదెల్కా పెరట్లో పీట వాల్చుకుని కూర్చుంది.

ఎనేరియా సణుక్కుంటూనే చెట్టుకింద వెతికి మెత్తబడ్డ అవకాడో ఒకటి తెచ్చింది. గుజ్జు తీసి ఫోర్కుతో మెదిపింది. అందులో గుడ్డు పచ్చసొన, తేనె, ఆముదం, కలబంద జిగురు వేసి గిలక్కొట్టింది.

"ఉండలు కట్టకూడదు. కట్టిందంటే పెళ్ళిలో నీ తలమీద పిట్టలు వాలతాయి."

"పిట్టలు నయం పిన్నీ. గుడ్డు ఉడకలేదుగా!"

ఎనేరియాకు నవ్వు ఆగలేదు. యుదెల్కా చిన్నప్పుడు సాయం చేస్తానని ఎగబడి, పక్కింటి ఓందినా తలమీద వేడివేడి నీళ్ళు కుమ్మరించింది. పూసిన సొన కాస్తా తలమీదే ఉడికిపోయింది.

"దువ్వెన పెడితే గుడ్డు పొరటు వచ్చిందే! పాపం, ఆ ఆదివారం చర్చికి టోపీ పెట్టుకుని వెళ్ళింది."

"టోపీలోంచి కూడా రాలిందిగా!"

నవ్వుతూనే ఎనేరియా జుట్టు పాయలుగా తీసి, చివర్లనుంచి పైకి పూయసాగింది. మొదట తడబడ్డ వేళ్ళు రెండో పాయకే పాత పనిలో పడ్డాయి. మెడ దగ్గరికి వచ్చాక ఆగాయి.

"ఇక్కడి జుట్టు బానే ఉందే?"

"అక్కడ మందు సరిగ్గా తగల్లేదేమో పిన్నీ."

"ఊఁ" అంది ఎనేరియా. జుట్టంతా ముడివేసి, ప్లాస్టిక్ సంచి తొడిగి, ఎండలోకి జరగమంది.

ఇంతలో గోడమీద ఓందినా తల లేచింది.

"ఆముదం వాసనొస్తోంది! కొట్టు తెరిచావా ఎనేరియా?"

"తెరవలేదు, తెరవను. ఆ చల్లగదికే పో!"

"అక్కడ చల్లదనం తప్ప ఏముందే? నోరు తెరిస్తే ఫోన్లోంచి తలెత్తి గుడ్లురిమి చూస్తారు. నా జుట్టు చూడు, చీపురైపోయింది. కాస్త మిగిలిందా అందులో?"

మిగిలింది చాలలేదు. ఓందినా తన పెరట్లోంచి మూడు కాయలు కోసుకొచ్చింది. ఆవిడ వెనకే వాళ్ళ కోడలు, కోడలి వెనక ఎదురింటావిడ. యుదెల్కా లోపలికి వెళ్ళి అద్దాలమీది దుప్పట్లు లాగేసి, కుర్చీలు బయటికి చేర్చింది. ఎవరో రేడియో పెట్టారు.

లాటరీవాడు వచ్చేసరికి ఎనేరియా మోచేతులదాకా అవకాడో.

"తాళం ఇస్తానన్నారు?"

"ఇవాళ కుదరదు. చేతులు ఖాళీ లేవు."

"మరి ఎప్పుడు రమ్మంటారు?"

"ఖాళీ అయినప్పుడు నేనే కబురు పెడతా. ఆశ పెట్టుకోకు నాయనా!"

గదంతా గొల్లున నవ్వింది. అతను టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

యుదెల్కా తలను ఎనేరియా చల్లనీళ్ళతో తనే కడిగింది. దువ్వితే తెగలేదు. కాలిన చివర్లు కత్తిరించేసినా పెళ్ళికి కొప్పు పెట్టేంత మిగిలింది. కొప్పు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి "చాలు" అంది ఎనేరియా. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

మర్నాడు పొద్దున్నే బస్సుదాకా సాగనంపడానికి దువ్వెన చేత్తోనే వచ్చింది ఎనేరియా. వాకిట్లో అప్పటికే ఇద్దరు కాచుక్కూర్చున్నారు.

"వెళ్ళొస్తా పిన్నీ. ఆదివారం పెళ్ళిలో కలుద్దాం. తర్వాత మళ్ళీ త్వరలోనే వస్తా."

ఎనేరియా ఆమె బుగ్గమీద ముద్దుపెట్టి, చెవి దగ్గర మెల్లగా అంది:

"ఈసారి నాకోసం నీ జుట్టు నువ్వే కాల్చుకోకుండా, ఊరికే రావే."