ఎర్ర పేక

క్లాసులో నవ్వింది సింధూజ. నవ్వి, వెంటనే నాలుక కరుచుకుంది.

ఏం కొంప మునిగిందని? ఏమీ లేదు. చేతికి దొరికిన వస్తువును అమ్మి చూపించమంది మార్కెటింగ్ మేడం. వెనక బెంచీ నవీన్ లేచి, కాలి చెప్పు చేతిలోకి తీసుకుని, "ఒక్కటి కొంటే రెండోది ఫ్రీ మేడం," అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. సింధూజకూ ఆగలేదు నవ్వు. ఇక్కడ తను పళ్లికిలిస్తోంది. అక్కడ ఉప్పలమ్మ ఒక్కతే గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూచుని ఉంటుంది.

నల్లగొండ బయట ఆ బిజినెస్ స్కూల్లో చేరి ఇంకా నెల కాలేదు. గడగడా ఇంగ్లీషు పాఠాలు, టై కట్టుకొచ్చే పిల్లలు, రోజుకో ప్రెజెంటేషన్. అవన్నీ ఎట్లాగో అలవాటవుతున్నాయి. సుఖంగా ఉండటమే అలవాటు కావడం లేదు. మెస్సులో వేడన్నం ముందు కూచుంటే, కట్టంగూర్ దగ్గర ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదోనని దిగులు. మగ్గం పని ఒక్క మనిషితో అయ్యేదా? ఒకరు నేస్తుంటే ఇంకొకరు నూలు కండెలు చుట్టాలి. ఇప్పుడు నేసేదీ ఉప్పలమ్మే, చుట్టేదీ ఉప్పలమ్మే.

ఆ సాయంత్రం ఫోన్లో అనేసింది. "నేనొచ్చేస్త. నాకీ సదువు వద్దు."

"ఎవలన్న ఏమన్న అన్నరా?" అంది ఉప్పలమ్మ.

"ఎవ్వరేమనలే. నువ్వేమో ఆడ గోస పడవడ్తివి. నాకేమో గీడ నవ్వొస్తుంది."



"నవ్వొస్తే నవ్వాలె. దానికి ఏడుస్తరా, పిచ్చిదానా!" అని ఫోన్ పెట్టేసింది ఉప్పలమ్మ.

అయినా సింధూజ మనసు కుదుటపడలేదు. ఫ్రెషర్స్ పార్టీ రోజు పొద్దున, హాస్టల్ ఆడపిల్లలంతా చీరలు పరుచుకుని కిచకిచలాడుతుంటే, తను బట్టలు బ్యాగులో కుక్కుకుంటోంది. ఇంటికి పోవడానికే, మళ్లీ రాకుండా.

రూమ్మేట్ నాగరాణి పరుగెత్తుకొచ్చింది. కొత్తకోట పిల్ల, నోటికి తాళం లేదు. "సింధూ, మీ అమ్మొచ్చింది! లోపలికి రానియ్యలేదని వార్డెన్‌తోని కొట్లాడుతాంది!"

సింధూజ మెట్లు దిగేలోపే ఉప్పలమ్మ గెలిచి పైకి వచ్చేసింది. మంచం మీద బ్యాగు చూసింది. చేతిసంచిలోంచి చీర తీసి పరిచింది. చూసిన కళ్లు తిప్పుకోలేనంత ఎరుపు.

"మగ్గం పడుగు మీద ఒక చీరెకు సరిపోను నూలు మిగిలింటే, అడ్డం ఎర్ర పేక పోసి నేసిన. ఇయ్యాల కట్టుకో."

"నూలిచ్చే సేటు పని పక్కన పెట్టి దీని మీద కూసున్నవా?" సింధూజ చీరను వెనక్కి నెట్టింది. "నేను కట్టుకోను. నాకు పాపం తగులుతది."

"పాపమెందుకు? ఎవలిదన్న దొంగతనం చేసినవా?"

"ఊర్ల తెలిస్తే ఏమంటరు?"

"ఊరోళ్లొచ్చి నాకు కండెలు చుడుతున్నరా? అననియ్యి."

నాగరాణి ఊరుకుంటుందా! "జర గట్టిగ చెప్పుండ్రమ్మా. ఎప్పుడు చూడు, గా బూడిద రంగు డ్రెస్సులే ఏస్తది."

"చెప్పుడు గాదు. నేనే కడత," అని కొంగు బిగించింది ఉప్పలమ్మ.

కుచ్చెళ్లు సర్దుతున్నంతసేపూ సింధూజ ఏడుస్తూనే ఉంది. "నేను సంబరంగ ఉంటే తప్పు చేసినట్లనిపిస్తుంది. నీకాడికే వస్త. తోడుంట."

"వస్తే వాకిట్ల నుంచే మర్లగొడత." ఉప్పలమ్మ కుచ్చెళ్లు గట్టిగా దోపింది. "నువ్వు నాకు తోడుండుడు గాదు బిడ్డా, నువ్వు బతుకుడు గావాలె నాకు."

సింధూజ కళ్లు తుడుచుకుంది. బ్యాగు జిప్పు లాగి, బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్లీ అలమారాలో పెట్టింది.

ఉప్పలమ్మ ఆమెను తన వైపు తిప్పుకుని, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

కిందటేడు కొడుకు దినాల నాడు, పదిమంది ముందు ఏ చేత్తో చెరిపిందో, అదే చేత్తో కోడలి నుదుట ఎర్రటి బొట్టు దిద్దింది.