చెరో కట్టె

కొండవీడు మెట్ల మొదట్లో ఒక ముసలావిడ జయరావు దారికి అడ్డంగా నిలబడింది. ఆమె చేతిలో రెండు ఎండుకట్టెలు.

"చెరో కట్టె పట్టుకెళ్లి పైన రాతి మండపంలో పెట్టండి బాబూ. మబ్బు పడతంది. బేగి దిగండి."

జయరావు ప్రత్తిపాడు మిషన్ బడిలో మాస్టారు. కొండకు కట్టె మోయడమంటే ఏదో అమ్మవారి మొక్కేననుకున్నాడు. భార్య రెబ్కా చెయ్యి చాచింది. అతను ఆ చెయ్యి వెనక్కి లాగాడు.

"మేం చర్చి వాళ్లం. మాకిలాంటి మొక్కులు లేవు."

ముసలావిడ ఇంకేదో చెప్పబోయింది. వినిపించుకుంటే కదా! పెళ్లయి నెల తిరగలేదు. భార్యకు కోట చూపించాలన్న ఉబలాటంలో గొడుగైనా తేలేదు మహానుభావుడు.

పైకి చేరేసరికి ఆకాశానికి చిల్లు పడింది. దిగుదామంటే మెట్ల మీదుగా కొండవాగు ఎర్రగా దూకుతోంది. గత్యంతరం లేక మండపంలో దూరారు.

చీకటి పడింది. వాన ఆగలేదు. పిలిస్తే పలికే మనిషి లేడు.

రెబ్కాది మొదట్నించీ చలికి ఆగని ఒళ్లు. పళ్లు టకటక కొట్టుకున్నాయి. పెదాలు నీలమయ్యాయి. కాసేపటికి మాట కూడా ముద్దయిపోయింది. జయరావు చీకట్లో చేతులతో మండపమంతా తడిమాడు.

అప్పుడు తగిలింది చేతికి, మూలనున్న తాటాకు చాప. దాని కింద ఎండుకట్టెల గుట్ట. పక్కనే మూత బిగించిన రేకు డబ్బాలో అగ్గిపెట్టె.

ఎవరెవరో తలా ఒకటి మోసుకొచ్చిన కట్టెలు. వాటిలో తనది ఒక్కటీ లేదు. సిగ్గుపడుతూనే మంట వేశాడు. ఆ వేడికే రెబ్కా తెల్లవారేదాకా నిలిచింది.

పొద్దున వాగు తీశాక దిగారు. ముసలావిడ చేతులు పట్టుకుని క్షమించమని అడగాలని జయరావు ముందే పరుగెత్తాడు.

ముసలావిడ లేదు. మేకలు కాసుకునే అల్లాబక్షు ఒక్కడే మెట్ల కింద ఆమె రెండు కట్టెల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"మీరు దిగలేదని రాత్రంతా వానలో నిలబడి కేకలేసిందండి, మండపంలో కట్టెలున్నయ్యి, ఎలిగించుకోండి అని. ఆ గాలికి మీకెక్కడ వినబడుద్ది? నేను లాక్కొచ్చినా ఆగలేదు. తెల్లారేసరికి ప్రాణం పోయింది."

ఇది ఏ అమ్మవారి మొక్కని జయరావు మెల్లగా అడిగాడు.

"మొక్కేందండీ? ఆ పోయిన మా అంకమ్మదీ మీ చర్చే. కొత్తగా పెళ్లయిన ఆమె కూతురూ అల్లుడూ ఇట్టాంటి వానకే ఆ మండపంలో చిక్కుకుని, అగ్గిపెట్టె ఉండి కూడా ఒక్క ఎండుపుల్ల దొరక్క, చలికి బిగుసుకుపోయారండి."