మొదటి అంకె

"ఇది ఏ చెట్టు ఆకో నాకు తెల్దనుకున్నావేట్రా?"

చంద్రరావు కేకకి అహ్లోన్ వీధిలో పోతున్న ఇద్దరు బర్మా ఆడవాళ్ళు ఆగి కొట్టు వైపు చూశారు. బల్ల మీద తడి కాగితంలో, వేళ్ళు చాచిన చేతిలాంటి ఆకు ఒకటి ఉంది. అంచులు పసుపుబారాయి. ఎరువుల కొట్టుకి జబ్బు చేసిన ఆకు పట్టుకురావడం అందరూ చేసే పనే. గంజాయి ఆకు పట్టుకొచ్చిన మొనగాడు మాత్రం ఈ సూరి ఒక్కడే.

"తెలుసని తెలిసే వచ్చినాను మామా," అన్నాడు సూరి. దలా నుంచి నది దాటి వచ్చాడు, లుంగీ అంచు ఇంకా తడిగా ఉంది. "నాను వాడీ తాయిలాండు ఎరువు పాకెట్లు రాడం మానీసినాయి. చెట్లు మొగ్గకొచ్చినాయి. పువ్వు గట్టిగా రావాల. నువ్వైతే సరిగ్గా కలిపిస్తావని..."

"ఎవడికి అమ్ముతావు?"

"అమ్మను. ఒకరికి మాటిచ్చినాను. ఎవరికని మాత్రం అడక్కు."

మాటిచ్చాడట! చంద్రరావుకి అరికాలి మంట నెత్తికెక్కింది. తమ్ముడు బుల్లియ్య ఈ రేవులోనే బియ్యం బస్తాలు మోసేవాడు. గంజాయి మత్తులో పడవ బల్ల మీంచి జారి నదిలో పడ్డాడు. శవం కూడా దొరకలేదు. అప్పటి నుంచి ఆ చెట్టు పేరెత్తితే చాలు, చంద్రరావు పళ్ళు నూరతాడు. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు, సూరికీ తెలుసు. అయినా వచ్చాడంటే ఎంత పొగరు!

మెడ పట్టి గెంటేద్దామనుకున్నాడు. గెంటితే ఇంకో కొట్టుకి పోతాడు. పోలీసులకి చెబితే ముందు తన కొట్టే సోదా చేస్తారు. అప్పుడు తట్టింది ఆ ఆలోచన.

"కూకో. కలుపుతాను."

ఎరువు బస్తా మీద మూడు అంకెలుంటాయి. మొదటిది నత్రజని, ఆకుకి. రెండోది భాస్వరం, వేరుకీ మొగ్గకీ. మూడోది పొటాష్, పువ్వు గట్టిపడడానికి. మొగ్గ కట్టే వేళకి మొదటి అంకె తగ్గించి తక్కిన రెండూ పెంచాలి. బంతికైనా, చామంతికైనా, ఈ పాడు చెట్టుకైనా అంతే. అది మరిచి యూరియా గుమ్మరిస్తే చెట్టు ఆకులు వెయ్యడం మీద పడి పువ్వు సంగతే మర్చిపోతుంది. ఈ విషయంలో చామంతులు వేసేవాళ్ళని చంద్రరావు ఎన్నిసార్లు తిట్టాడో లెక్కలేదు.

లోపలికెళ్ళి సంచి నిండా యూరియా పోశాడు. పైన గుప్పెడు ఎర్ర పొటాష్ చల్లాడు, చూడ్డానికి నమ్మకంగా ఉండాలిగా. మూతి కట్టి సూరి చేతిలో పెట్టాడు.

"మామూలు కంటే ఎక్కువే ఎయ్యి. ఇరగపూస్తాది."

సూరి రెండు చేతులా అందుకున్నాడు. "నీ మేలు మర్చిపోను మామా. అత్తకి ఎలగుంది?"

"నీకెందుకు? ఫో!"

మణిమాల సంగతి ఎవరడిగినా అతనికి కోపమే. కొట్టు మీది గదిలో భార్య మంచం పట్టి ఉంది. కేన్సరు ఎముకలకి పాకిందన్నారు. ఆసుపత్రిలో నొప్పి మందు అడిగితే లేదన్నారు, బయటా దొరకదన్నారు. డాక్టరు మీద అరిచాడు, దేవుడి మీద అరిచాడు. చివరికి కూతురు పద్మినే, తామ్వే పేటలో ఎవరో బర్మా వైద్యురాలు ఇచ్చిందంటూ నూనె చుక్కలు తెచ్చింది. అందరూ ఆవిణ్ణి సరామా, అంటే డాక్టరమ్మ, అంటారట. ఆ చుక్కలు నాలిక కింద వేస్తే మణిమాల మూలుగు ఆగుతుంది. ఇంత గంజి తాగి నిద్రపోతుంది. సరామా ఇంటికెళ్ళి కాళ్ళకి దండం పెట్టి వస్తానని చంద్రరావు చాలాసార్లు బయల్దేరాడు. ఆవిడ మగవాళ్ళని గుమ్మం తొక్కనివ్వదని పద్మిని ఆపేసింది.

వానలు వెనకబట్టాక సూరి మళ్ళీ వచ్చాడు. మొహం పీక్కుపోయింది.

"ఆకులు ఏపుగా ఉన్నాయి మామా. పువ్వే లేదు."

"తొందరైతే ఎలాగ? ఇంకో సంచి ఎయ్యి."

"ఆలీసమైతే కుదర్దు. అవతలి మనిసి ఆగలేదు."

"ఆగకపోతే ఏటి, సచ్చిపోతాడా? ఆగమను!"

సూరి అతని మొహంలోకి అదోలా చూశాడు. సంచి భుజానికెత్తుకుని రేవు వైపు నడిచాడు.

ఆ పూట చంద్రరావుకి కడుపు నిండినట్టయింది. బుల్లియ్య ఫొటోకి కొత్త దండ వేశాడు. "ఒక్కడి తోటైనా ఎండగట్టినాన్రా తమ్ముడా," అన్నాడు పైకే.

చలి మొదలైంది. ఒక పొద్దున కొట్టు తలుపులు తీస్తుంటే పైనుంచి కేక వినిపించింది. పరిగెత్తాడు. మణిమాల దుప్పటి అంచు పళ్ళతో కరిచిపట్టి గింజుకుంటోంది. పక్కన పద్మిని చిన్న సీసాని తలకిందులుగా పట్టుకుని విదిలిస్తోంది. చుక్క రాలలేదు.

"నూనేదే?"

"అయిపోయింది నాన్నా."

"అయిపోతే తే! తామ్వే ఎల్లు. ఆ సరామా ఏటడిగితే అదిచ్చీ. కొట్టడిగితే కొట్టిచ్చీ!"

"దొరకదు."

"ఎందుకు దొరకదు?" చంద్రరావు గోడని గుద్దాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నా గొంతు తగ్గలేదు. "మీ అమ్మ ఇలగ మెలికలు తిరిగిపోతంటే ఎందుకివ్వదు? దానికి మనసు లేదేటి? అది మనిసేనా?"

పద్మిని తల వంచుకుంది. తండ్రి చంపేస్తాడని ఇన్నాళ్ళూ దాచింది. ఇంక దాచి లాభం లేదు.

"సూరి చెట్లకి ఈసారి పువ్వు రాలేదు నాన్నా."