సెమీఫైనల్లో సర్దుబాటు

తన్వి కొట్టిన షటిల్ వరసగా మూడోసారి లైన్ బయట పడింది.

ప్లెయిన్స్‌బరో బ్యాడ్మింటన్ హాల్లో అండర్ సెవెంటీన్ సెమీఫైనల్ అది. అవతల ఆడుతున్నది భవిత.

మొదటి గేమ్ భవితకే పోయింది. విరామంలో ఒక కొరియన్ ఆవిడ నేల తుడిచే మాప్ గోడకు ఆనించి తన్వి దగ్గరికొచ్చింది. పిల్లలు ఆవిడను నోహ్ ఆంటీ అంటారు. ఆ హాల్లో రాకెట్లకు గట్టింగ్ తీగలు బిగిస్తుంది, కోర్టులు తుడుస్తుంది.

"కావాలనే బయటికి కొడుతున్నావు," అంది.

తన్వి తలొంచుకుంది. "డాడీ చెప్పారు ఆంటీ."

వెనకే వచ్చిన తండ్రి హరనాథ్‌కు చిర్రెత్తుకొచ్చింది. "ఇది మా ఫ్యామిలీ మేటర్ మేడమ్."

ఉద్యోగం పోతే వీసాకు అరవై రోజులే గడువు. హరనాథ్ లేఆఫ్ అయిన యాభయ్యో రోజున భవిత తండ్రి విశాల్ రిఫరల్ ఇచ్చి కొత్త ఉద్యోగం వచ్చేలా చేశాడు, అతని వీసా నిలబెట్టాడు. భవితకు కాలేజీ అప్లికేషన్లో వేసుకోవడానికి ఒక ఫైనల్ కావాలి. తన్వికింకా రెండేళ్ల టైముంది. విశాల్ అడగనైనా లేదు, హరనాథే సర్దేశాడు. మొహమాటం ముంచుకొస్తే మనవాళ్లు ఏదైనా ఇచ్చేస్తారు. ఇచ్చేది తమది కాకపోతే మరీ సులువు.

"ఆట ఈ అమ్మాయిది. ఇచ్చేయడానికి మీది కాదు," అంది ఆవిడ.

"మీరు తుడిచే పని చూసుకోండి."

ఆవిడ కదల్లేదు. తన్వితో అంది. "ఓడితే నాలుగు రోజులు ఏడుస్తావు. ఓడినట్టు నటిస్తే జన్మంతా ఏడుస్తావు. వెళ్లి ఆడు."

తన్వి తండ్రి వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత చూడలేదు.

రెండో గేమ్ ఇరవై ఒకటి, పద్నాలుగు. మూడోది ఇరవై మూడు, ఇరవై ఒకటి. తన్వి గెలిచింది.

నెట్ దగ్గర చెయ్యి కలుపుతూ భవిత అంది. "ఫస్ట్ గేమ్ ఊరికే ఇచ్చావ్ కదా? ఇంకోసారి అలా చేస్తే నీతో మాట్లాడను."

ఇంటికెళ్లగానే హరనాథ్ హాల్ ఓనర్‌కు ఈమెయిల్ కొట్టాడు. మైనర్ పిల్లను తండ్రి మీదికి రెచ్చగొట్టిందని రాశాడు. అమెరికాలో అది చిన్న మాట కాదు. సోమవారం నుంచి ఆవిడ రాలేదు.

శనివారం ఫైనల్‌కు రెఫరీగా తెల్లజుట్టు మలేషియా పెద్దాయన వచ్చాడు. "నోహ్ ఇక్కడే పనిచేస్తోందని విన్నాను, ఎక్కడ? చూసి పాతికేళ్లు దాటింది," అని అందర్నీ అడిగాడు.

"ఎవరో పేరెంట్ కంప్లైంట్ ఇస్తే తీసేశారు," అన్నారెవరో.

హరనాథ్‌కు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మీకు ఆవిడ ఎలా తెలుసు?" అన్నాడు మెల్లగా.

"ఆవిడ ఆఖరి మ్యాచ్‌కు లైన్ జడ్జిని నేను. ప్రపంచ టైటిల్ ఫైనల్. అవతల ఆడింది ఆవిడ టీమ్‌లోని సీనియరే."

"ఓడిపోయారా?"

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"సీనియర్‌కు వదిలెయ్యమని కోచ్ చెప్పినా వినకుండా గెలిచింది, ఇరవై రెండేళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయింది, ఆ మర్నాటి నుంచి ఆవిడను మళ్లీ టీమ్‌లోకి రానివ్వలేదు."