పన్నెండింటి ఎర్రగీత

అడవిపంది అడుగుల చప్పుడు విని దాని బరువెంతో చెప్పేసేవాణ్ణి నేను. నాలుగు తాలూకాల్లో నాకు పోటీ లేదు.

ఈ కోతే సింగపూర్‌లోనూ కోశాను. టాంపినీస్‌లో మా అమ్మాయి ఫ్లాట్ దగ్గర, తిండి అంగళ్ళన్నీ ఒక్కచోటుండే హాకర్ సెంటర్లో, నవనీత్ అనే ఇంజనీరుతో. ఐటీ మంచి జోరుమీదున్న రోజులవి.

సముద్రం అవతల మలేషియాలోని జోహోర్ తోటల్లో పందులు ఏ వేళకి ఎటు తిరుగుతాయో కంప్యూటర్ మ్యాప్ మీద గీతలుగా చూపిస్తున్నాడతను. సెలవుల్లో సరదాకి వేటాడే ఆసాములకి తెల్లారితే చూపించాలి. వాళ్ళకి నచ్చకపోతే ఉద్యోగం ఊడుతుంది, పర్మిట్టూ పోతుంది.

బల్ల మాదేనన్న గుర్తుగా టిష్యూ ప్యాకెట్టు, ల్యాప్‌టాప్ పెట్టి కాఫీకి వెళ్ళాం. వచ్చేసరికి రబ్బరు బూట్ల ముసలాయన ఒకడు అక్కడ కూర్చుని, తెర వైపే చూస్తున్నాడు.

"బల్ల చోప్ చేశాం, టిష్యూ కనపడట్లేదా? లే!" అన్నాడు నవనీత్.

"మ్యాప్ బాబు మీరేనా? నన్ను దానయ్యంటారు. సముద్రం అవతలి తోట నించి వచ్చాను."

"ఇక్కడ తోటపనులేం లేవు."

"పనికి కాదు బాబూ. ఈ ఎర్రగీత తప్పు. పట్టపగలు పన్నెండింటికి పంది బురదలో పడుకుంటాది. ఇట్టా రోజూ ఒకే చోటికి నడిచిపోదు. ఇది..."

"ఆరు నెలల శాటిలైట్ డేటా అది! బూట్లేసుకొచ్చి నువ్వు దిద్దుతావా?" నవనీత్ నావైపు తిరిగాడు. "అంకుల్, మీరు వేటగాళ్ళు కదా, మీరే చెప్పండి."

"పందికి టైమ్ తెలీదనుకున్నావా? మా ఊళ్ళో ఒకటి బడిగంట వినపడగానే జొన్నచేలో దిగేది. ఇక లేవయ్యా, కాఫీ చల్లారిపోతోంది," అన్నాను.

ఇద్దరం నవ్వాం. దానయ్య లేచి, టిష్యూ ప్యాకెట్టు మళ్ళీ సరిగ్గా పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక్కడొకటి ఒప్పేసుకుంటాను. నేను పుట్టి బుద్ధెరిగి పందిని వేటాడలేదు. ఒక్కసారి ఎదురైతే చింతచెట్టెక్కాను. మా ఆవిడ నిచ్చెన తెస్తేగానీ దిగలేదు.

మ్యాప్ ఆసాములకి తెగ నచ్చింది. ఇది ఉండగా దారి చూపే మనిషెందుకన్నారు. ఎవరికీ చెప్పకుండా ఆదివారమే తోటలో దిగారు. ఎర్రగీత పొడవునా తుపాకులు పెట్టుకుని కూర్చున్నారు.

సరిగ్గా పన్నెండింటికి పొదలు కదిలాయి. పేల్చారు.

గుండు టిఫిన్ క్యారియర్‌కి తగిలింది. దానయ్య బతికిపోయాడు.

మర్నాడు అదే బల్ల దగ్గర నవనీత్ కాఫీ ముట్టలేదు.

"ఆరు నెలలు మెడలో జీపీఎస్ వేసుకుని, పందుల జాడ వెంట నడిచింది ఆ దానయ్యేనట అంకుల్. ప్రతి గీతా ఆయన నడిచిందే. అన్నానికి ఇంటికెళ్ళేటప్పుడు దాన్ని ఆపాలని ఆయనకెవరూ చెప్పలేదట."

"మరి ఎర్రగీత?"

"ఆయన ఇంటిదారి."

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. గుండు టిఫిన్ క్యారియర్‌కి తగిలిందన్నాను చూడండి, అది.