కండక్టరమ్మ చచ్చిపోయిన మర్నాడు

ఫిజియోథెరపీ వార్డులో ఆ ఉదయం ఎవరూ వ్యాయామం చెయ్యలేదు.

ముందురోజు జాంబీల సీరియల్లో కండక్టరమ్మ చచ్చిపోయింది.

బస్సులోని పిల్లల్ని తప్పించడానికి లేచి తిరిగే శవాల గుంపునంతా తనవైపు తిప్పుకుని, వంతెన మీద నుంచి దూకేసింది.

"అంతమంది పనికిమాలిన వాళ్ళుండగా చంపడానికి ఆవిడే దొరికిందా?" అన్నాడు లారీ డ్రైవరు. విరిగి అతికిన భుజంతో గోడకున్న చక్రం తిప్పాల్సినవాడు, దాన్ని వదిలేసి కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు.

"డ్రైవరు గారూ, చక్రం" గుర్తుచేసింది ఫిజియో అమ్మాయి.

"ఆగమ్మా, మనసేం బాగోలేదు."

రిటైరైన లెక్కల టీచరమ్మ మంచం అంచున కూర్చుని ముక్కు తుడుచుకుంటోంది. ఆవిడ మోకాళ్ళు రెండూ మార్పించుకుని నెలన్నరైంది. కన్నకూతురు బతిమాలినా నడవనని మొండికేసిన మనిషిని నడిపించింది ఆ కండక్టరమ్మే.

రాత్రి వచ్చిన భాగాన్ని మర్నాడు పదకొండింటికి మళ్ళీ వేస్తారు. శవాల మధ్య నుంచి కండక్టరమ్మ పరిగెడుతుంటే, ఇక్కడ టీచరమ్మ రెండు పక్కలా కమ్మీలు పట్టుకుని అడుగులు వేసేది.

"ఇంక నేనెవర్ని చూసి నడవాలే?" అంది ఫిజియో అమ్మాయితో.

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నావిడ మాత్రం బయటికి చూస్తూ కూర్చుంది.

వచ్చి పదిరోజులైంది. ముప్పై దాటి ఉంటాయి. పేరెవరికీ తెలియదు. ఆరో నంబరు మంచం కాబట్టి, ఆరో నంబరు.

"ఏమైందమ్మా?" అని మొదటిరోజే అడిగాడు డ్రైవరు.

"పడ్డాను."

"ఎక్కడ?"

"పనిలో. ఎత్తుల మీద పని."

మేడలకి రంగులేసే మనిషి కాబోలు అనుకున్నారందరూ.

పదకొండైంది. టీవీలో వంతెన కనపడింది. ఆరో నంబరు మొహం గోడవైపు తిప్పుకుంది.

కండక్టరమ్మ దూకింది.

టీచరమ్మ భోరుమంది.

"పడేటప్పుడు మొహం కనపడిందాండీ?" గోడవైపు నుంచే అడిగింది ఆరో నంబరు.

"లేదు. జుట్టు అడ్డొచ్చింది" అన్నాడు డ్రైవరు.

"అయితే బాగానే వచ్చింది."

"ఏంటమ్మా బాగా వచ్చింది? అక్కడ మనిషి చచ్చిపోతే!"

"సీరియలే కదండీ."

"నీది గుండెకాయా, గుండ్రాయా?"



మధ్యాహ్నానికి టీచరమ్మ ఛానల్‌కి ఉత్తరం రాసింది. కండక్టరమ్మని ఎలాగోలా బతికించాలని. వార్డులో అందరూ సంతకాలు పెట్టారు. డ్రైవరు ఎడంచేత్తో గీకాడు.

కాగితం ఆరో నంబరు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"బతికించినా మునుపటిలా పరిగెత్తలేదు లెండి" అంటూ తిరిగి ఇచ్చేసింది.

ఆ తర్వాత ఆమెతో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

మూడు రోజులు గడిచాయి. టీచరమ్మ కమ్మీల దగ్గరికి వెళ్ళలేదు. కాళ్ళలో నీరు దిగింది. ఇలాగే ఉంటే కీళ్ళు బిగుసుకుపోతాయని పెద్ద డాక్టరు కసిరి వెళ్ళాడు.

నాలుగో రోజు ఆరో నంబరు కుర్చీ తోసుకుంటూ టీచరమ్మ మంచం పక్కకి వచ్చింది.

"లేవండి మేడమ్. ఒక్కసారి ప్రయత్నించండి. ముందు మడమ ఆనించండి. చూపు కాళ్ళ మీద వద్దు, చేరాల్సిన చోట పెట్టండి. భయం ఎటూ పోదు. వెనకాల రానివ్వండి, ముందుకి మాత్రం రానివ్వకండి."

టీచరమ్మకి అసలే మనసు కుదురుగా లేదు. చర్రున లేచింది కోపం.

"ముందు నీ కాళ్ళు నీ మాట విననీ. తర్వాత నాకు పాఠాలు చెబుదువుగాని!"



"నిజమే మేడమ్" అంది ఆరో నంబరు. కుర్చీ వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ మంచం ఖాళీగా ఉంది.

"వాళ్ళ అన్నయ్య వచ్చి ఊరికి తీసుకెళ్ళాడు" చెప్పింది ఫిజియో అమ్మాయి. "ఇక్కడ చెయ్యగలిగింది ఇంకేం లేదన్నారు డాక్టరు గారు."

నోరు జారిన మాట టీచరమ్మకి పంటి కింద రాయిలా రోజంతా తగులుతూనే ఉంది.

సాయంత్రం ఎవరూ లేనప్పుడు కమ్మీల మధ్యకి వెళ్ళింది. మడమ ముందు ఆనించింది. చూపు తలుపు మీద పెట్టింది. నాలుగడుగులు పడ్డాయి. ఐదోది కూడా పడింది.

రెండు రోజుల తర్వాత అదే తలుపు తోసుకుని ఒకామె లోపలికి వచ్చింది.

డ్రైవరు చేతిలోంచి చక్రం పిడి జారిపోయింది.

"కండక్టరమ్మ!"

టీవీలో కన్నా సన్నగా ఉంది. మొహాన రంగు లేదు. అయినా గుర్తుపట్టని వాళ్ళు లేరు. నర్సులు ఫోన్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. టీచరమ్మ కమ్మీలు వదిలేసి, తను వదిలేసినట్టు కూడా తెలియకుండా, ఎదురు నడిచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"తల్లీ, నీ పరుగు చూసే నేను లేచి నడిచాను."

ఆమె ఇబ్బందిగా నవ్వింది. కళ్ళు మాత్రం మంచాలన్నీ వెతుకుతున్నాయి.

"ఆరో నంబరు మంచం ఏదండీ?"

"అదిగో. కానీ ఆవిడ మొన్ననే వెళ్ళిపోయింది. మీకు చుట్టమా?" అంది ఫిజియో అమ్మాయి.

ఆమె ఖాళీ మంచం వంక చూసింది.

టీచరమ్మ చేతులు వదలకుండానే మెల్లగా అంది:

"నాది మొహం ఒక్కటేనమ్మా, పరిగెత్తిందీ పడిందీ ఆవిడే."