గ్రహం మీద వదిలేసిన మనిషి

"వాడు ద్రోహి!" రాజేశం రిమోట్‌ను గోడకేసి కొట్టాడు.

టీవీలో పాత సీరియల్ మళ్లీ వేస్తున్నారు. అంటురోగం సోకిన స్నేహితుణ్ణి అంతరిక్ష నౌక కెప్టెన్ ఒక గ్రహం మీద వదిలేసి వెళ్లిపోయే భాగం. అది ఎప్పుడొచ్చినా, సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే ఈ స్నేహితులిద్దరికీ కొట్లాటే.

"నౌకల ఇంకా ముప్పై మంది ఉన్నరు. ఆయన చేసింది రైటే," అన్నాడు లింబాద్రి, రాజేశం ఇంట్లో అన్నం కలుపుకుంటూ.

"జ్వరమున్న దోస్తును ఇడిసి పోవుడు రైటా? అసొంటోన్ని ఎనకేసుకొస్తవా, సిగ్గులేదారా?" రాజేశం అతని కాలర్ పట్టుకున్నాడు.

"పన్నెండేండ్ల సంది ఎనకేసుకొస్తున్నది నిన్నురా!" లింబాద్రి ఆ చెయ్యి విదిలించుకున్నాడు. "సూరత్‌ల ప్లేగొచ్చిన నాడు నాకు జ్వరమొస్తే, రూముకు బయట తాళమేసి రైలెక్కినవ్. పక్కరూమోళ్లు తాళం పగలగొట్టేదాక రెండు దినాలు లోపలనే ఉన్న. తీరా జూస్తే ఉత్త మలేరియా. కెప్టెన్‌ది తప్పని ఒక్కసారి ఒప్పుకుంటే, నీ ఇంట్ల మెతుకు ముట్టగలనా?"

టీవీలో నౌక పైకి లేచింది.

రాజేశం తల ఎత్తకుండానే లింబాద్రి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి, మెల్లగా అన్నాడు.

"అయినా, కెప్టెన్‌ది తప్పేరా."